రెండేళ్ల పాపకు టీవీలో ఏమి పెట్టాలి, ఎలా చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాపకు రెండేళ్ల మూడు నెలలు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళతారు, పగలంతా మీ అత్తగారు చూసుకుంటారు. పాప టీవీలో యూట్యూబ్ రైమ్స్ చూస్తోంది, ఆపితే ఏడుస్తోంది. రంగుల పేర్లు, ఏబీసీడీలు ఇంగ్లీషులో గడగడా చెబుతోంది కానీ ఏదైనా కావాలంటే మీ చెయ్యి పట్టుకుని లాక్కెళుతోంది. ఈ వయసుకు ఏ కార్యక్రమాలు మంచివి, తెలుగులోవా, ఇంగ్లీషులోవా, రోజుకు ఎంతసేపు పెట్టవచ్చు అని అడిగారు.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాటలు ఆలస్యమవుతున్నాయని తల్లిదండ్రులు తీసుకొచ్చే చిన్నపిల్లలతోనే నా పని. వారిలో ఎక్కువమంది రెండు, మూడేళ్లవారు. ఇంట్లో టీవీ ఎప్పుడు పెడతారు, పెట్టినప్పుడు బిడ్డ పక్కన ఎవరుంటారు అని ప్రతి కుటుంబాన్నీ మొదటి రోజే అడుగుతాను.

సూటిగా జవాబు ఇది: నెమ్మదిగా నడిచేవి, అయిదు నుంచి పది నిమిషాల్లో ఒక కథ ముగిసేవి, తినడం, ఆడుకోవడం, అలగడం వంటి పిల్లల రోజువారీ విషయాల మీద అల్లినవి, మాటలూ పాటలూ ఎడతెగని మోతలా కాకుండా మధ్యలో ఖాళీ వదిలేవి ఎంచుకోండి. ఎవరో ఒక పెద్దవారు పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడుతూ చూపించాలి. రోజుకు అరగంట చాలు, గంట దాటకూడదు. ఈ లెక్కన మీ పాపకు ఇప్పుడు నేను చెప్పే పేర్లు పింగు, టిమ్మీ టైమ్, పోకోయో. మూడేళ్లు దగ్గరపడ్డాక పఫిన్ రాక్, డేనియల్ టైగర్, ఆ తర్వాత బ్లూయీ. గంట సేపు ఆగకుండా సాగే రైమ్స్ సంకలనాలను మాత్రం ఇవాళే మానేయవచ్చు.

గంట అన్న హద్దు నా సొంత లెక్క కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది వయసు పిల్లలకు తెర వద్దు, రెండేళ్లవారికి గంటకు మించకూడదు, ఎంత తగ్గితే అంత మంచిది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్లలోపు అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల మధ్య గంట దాటవద్దని, అదీ పెద్దల పర్యవేక్షణలోనే అని చెబుతోంది. రెండేళ్లలోపు వారికి ఒక్కటే మినహాయింపు, బంధువులతో వీడియో కాల్. దాని సంగతి తర్వాత రాస్తాను.

పక్కన మనిషి ఎందుకు ఉండాలి

తెర మీద చూసినదాన్ని నిజ జీవితానికి అన్వయించుకోవడం రెండేళ్ల పిల్లలకు పెద్దలు అనుకునేదానికన్నా చాలా కష్టం. 1998లో ట్రోసెత్, డెలోచ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. పక్క గదిలో ఒక బొమ్మను దాస్తుంటే పిల్లలు దాన్ని టీవీ తెర మీద చూశారు. తర్వాత ఆ గదిలోకి వెళ్లి బొమ్మను వెతకమంటే రెండేళ్ల పిల్లలు చాలాసార్లు తప్పారు. అదే దృశ్యాన్ని కిటికీలోంచి నేరుగా చూసినప్పుడు తిన్నగా వెళ్లి తీశారు. రెండున్నరేళ్లవారు మాత్రం తెర మీద చూసి కూడా చాలావరకు కనిపెట్టగలిగారు. మీ పాప సరిగ్గా ఈ రెండు వయసుల మధ్యలో ఉంది. తెర మీద అరటిపండు చూసి పేరు చెప్పిన పాప వంటింట్లో అరటిపండును చూసి ఆ పేరు చెప్పకపోవచ్చు. తెరకూ వంటింటికీ లంకె వేయడానికి మనిషి కావాలి. "చూడు, టీవీలో కోతి తిన్న అరటిపండు ఇదే" అని నానమ్మ చేతికిస్తే ఆ లంకె పడుతుంది.

అందుకే "ఏ షో మంచిది" అని అడిగిన ప్రతి ఒక్కరికీ నేను ఒక పరీక్ష చెబుతాను. ఆ కార్యక్రమం నడుస్తుండగా మీరు పాపతో ఒక వాక్యం మాట్లాడి, పాప జవాబిచ్చేవరకు ఆగి చూడండి. అంతలో తెర మీద కథ ఎక్కడికో వెళ్లిపోయిందా? మీ గొంతు పాటలో మునిగిపోయిందా? అయితే అది మీ పాపకు పనికిరాదు. బొమ్మలు ఎంత ముద్దుగా ఉన్నా, కింద "విద్యాపరమైనది" అని రాసి ఉన్నా నా అభిప్రాయం మారదు.

అమెరికాలో డేనియల్ టైగర్ మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనం ఇదే విషయాన్ని చూపించింది. ఆ కార్యక్రమం చూసిన పిల్లల్లో ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, ముఖం చూసి భావాన్ని గుర్తుపట్టడం మెరుగైన మాట నిజమే. అయితే టీవీలో చూసినవాటి గురించి ఇంట్లో తల్లిదండ్రులు తరచూ మాట్లాడే పిల్లల్లోనే ఆ మేలు కనిపించింది. కార్యక్రమం ఎంత మంచిదైనా సగం పనే చేస్తుంది.

వేగం, ఊహ, నిశ్శబ్దం

2011లో లిలార్డ్, పీటర్సన్ అనే పరిశోధకులు నాలుగేళ్ల పిల్లలను మూడు జట్లు చేసి, ఒక జట్టుకు తొమ్మిది నిమిషాల పాటు వేగంగా సాగే స్పాంజ్‌బాబ్ కార్టూన్ చూపించారు, ఇంకొక జట్టుకు నెమ్మదిగా నడిచే కయూ అనే కార్యక్రమం చూపించారు, మూడో జట్టుకు బొమ్మలు గీసుకోమని రంగులిచ్చారు. వెంటనే పెట్టిన చిన్న పరీక్షల్లో మొదటి జట్టు వెనకబడింది. చెప్పింది గుర్తుపెట్టుకుని చేయడం, ఆశపడిన వస్తువు కోసం ఆగడం వారికి కష్టమైంది. అదే బృందం తర్వాత చేసిన ప్రయోగాల్లో వేగం కన్నా, నిజ జీవితంలో జరగని అసాధ్యమైన సంఘటనలు ఒకదాని వెంట ఒకటి రావడమే పిల్లల మెదడుకు ఎక్కువ భారమని తేలింది. కాబట్టి నేను రెండూ చూస్తాను. ఒక నిమిషం పాటు కార్యక్రమాన్ని చూసి, దృశ్యం మారినప్పుడల్లా ఒక వేలు మడవండి. నిమిషం లోపే రెండు చేతుల వేళ్లూ అయిపోతే ఈ వయసుకు వద్దంటాను. పాత్రలు ఎగరడం, పేలడం, రూపం మారడం అదే పనిగా ఉంటే అదీ వద్దంటాను. గొర్రెపిల్ల బడికి వెళ్లనన్న కథ చాలు రెండేళ్ల పిల్లకు. అదే వారికి పెద్ద కథ.

నిశ్శబ్దం విలువ తెలిసి తయారుచేసిన కార్యక్రమం బ్లూస్ క్లూస్. 1996లో అమెరికాలో మొదలైంది. అందులో నీలిరంగు కుక్కపిల్లతో ఉండే అబ్బాయి పిల్లలను ఒక ప్రశ్న అడిగి, తెర అవతల ఉన్నవారు జవాబిచ్చేంతసేపు మాట్లాడకుండా ఆగుతాడు. పెద్దలకు ఆ ఖాళీ విసుగ్గా ఉంటుంది కానీ పిల్లలు ఆ ఖాళీలోనే నోరు విప్పుతారు. మొదట్లో ఆ చానల్ ఒకే ఎపిసోడ్‌ను వారంలో అయిదు రోజులూ వేసేది. పిల్లలు రోజురోజుకూ ఎక్కువ జవాబులివ్వడం పరిశోధకులు గమనించారు. మీ పాప చూసినదే మళ్లీ పెట్టమంటే విసుక్కోకండి. ఈ వయసులో పది కొత్త ఎపిసోడ్ల కన్నా ఒకటే పదిసార్లు చూడడం మేలు. తర్వాత ఏమి జరగబోతోందో ముందే తెలిసినప్పుడే పిల్లలు దాన్ని మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తారు.

కార్యక్రమానికీ కార్యక్రమానికీ తేడా ఉంటుందని 2005లో లైన్‌బార్గర్, వాకర్ అనే పరిశోధకులు కూడా చూపించారు. కొద్దిమంది పిల్లలను రెండున్నరేళ్ల వయసు వరకు గమనిస్తే, బ్లూస్ క్లూస్, డోరా వంటివి చూసినవారికి మాటలు ఎక్కువగాను, టెలీటబ్బీస్ చూసినవారికి తక్కువగాను ఉన్నాయి. చిన్న అధ్యయనం కాబట్టి దాన్ని శాసనంలా చూడనక్కర్లేదు. కానీ తేడా దేనివల్ల వచ్చి ఉంటుందో ఊహించవచ్చు. మొదటి రకంలో కథ ఉంది, పిల్లలను పలకరించే మనిషి ఉన్నాడు, వస్తువుల పేర్లు స్పష్టంగా వినిపిస్తాయి. రెండో దానిలో పాత్రలే పసిపిల్లల ముద్దుమాటలు మాట్లాడతాయి.

అలాంటప్పుడు మాటలు లేని పింగు ఎందుకు చెప్పాను?

ఈ ప్రశ్న మీకు రావాలి. పింగు 1990లో స్విట్జర్లాండ్ టీవీలో మొదలైన మట్టిబొమ్మల కార్యక్రమం. అందులో పెంగ్విన్లు ఏ భాషా కాని భాష మాట్లాడతాయి. టిమ్మీ టైమ్ 2009లో బ్రిటన్‌లో వచ్చింది, బడికి వెళ్లే గొర్రెపిల్ల కథలు. అందులో జంతువుల అరుపులే తప్ప పాత్రల మధ్య సంభాషణలు లేవు. ఇవి ఒంటరిగా చూసే పిల్లకు ఒక్క మాట కూడా నేర్పవు. కానీ మీ ఇంట్లో పగలంతా పాపతో ఉండేది నానమ్మ. ఇంగ్లీషు కార్యక్రమం పెడితే ఆవిడ పక్కన కూర్చున్నా నోరు మెదపలేరు. పింగు పెడితే కథ చెప్పాల్సింది ఆవిడే. "అయ్యో, పడిపోయాడు! ఏడుస్తున్నాడు పాపం. అదిగో అమ్మ వచ్చింది. ఎత్తుకుంది." ఇంతకన్నా మంచి తెలుగు కార్యక్రమం మీ పాపకు ఏ చానల్లోనూ దొరకదు. అమ్మమ్మలు, నానమ్మలు చూసుకునే ఇళ్లలో నేను మొదట సూచించేది ఈ రకమే. రెండు, మూడు వారాల్లో ఆ పెద్దావిడే "ఇవాళ వాడు చేప దొంగిలించాడమ్మా" అని నాకు కథ చెబుతారు. ఒక హెచ్చరిక: పింగులో ఒకటి రెండు ఎపిసోడ్లలో పసివారు జడుసుకునే దృశ్యాలు ఉన్నాయి. ఏదైనా సరే ముందు మీరు ఒకసారి చూసి, నచ్చినవే ఉంచండి.

పోకోయో స్పెయిన్‌ది. తెల్లటి ఖాళీ నేపథ్యం మీద ఒక పిల్లవాడు, ఒక బాతు, ఒక ఏనుగు, అంతే. కళ్లను అటూ ఇటూ లాగే సామగ్రి ఏమీ ఉండదు కాబట్టి పాప దేన్ని చూస్తోందో మీకు తెలుస్తుంది, దాని గురించి మాట్లాడవచ్చు. దానిలో వ్యాఖ్యాత గొంతు ఉంటుంది. శబ్దం బాగా తగ్గించి మీరే చెప్పండి. పెప్పా పిగ్ అయిదు నిమిషాల కథలు, ఇంటి విషయాలే. కాకపోతే మాటల మీదే నడుస్తుంది, పెంకితనం కూడా కాస్త ఎక్కువ. మూడు దాటాక చూడవచ్చు. బ్లూయీ 2018లో ఆస్ట్రేలియాలో వచ్చింది, ఏడేసి నిమిషాలు. తల్లిదండ్రులు పిల్లలతో ఎలా ఆడాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. నిజానికి అది పిల్లల కన్నా మీరు చూడాల్సినది. సంభాషణలు వేగంగా ఉంటాయి కాబట్టి పాపకు తొందర లేదు.

మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన రెండు కార్యక్రమాల గురించి చాలామంది అడుగుతారు. 2008 నుంచి పోగోలో వస్తున్న ఛోటా భీమ్ బడికి వెళ్లే పిల్లలది. కొట్లాటలు, దుష్టపాత్రలు ఉన్న ఆ కథ రెండేళ్లవారికి అర్థం కాదు, వారికి మిగిలేది పిడికిలి బిగించి కొట్టడమే. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మైటీ లిటిల్ భీమ్ వేరు. అందులో భీముడు పారాడే పసివాడు, సంభాషణలు దాదాపు ఉండవు, చీర కట్టుకున్న అమ్మ, లడ్డూలు, ఊరి వీధులు అన్నీ మన పిల్లలకు తెలిసినవే. నానమ్మ పేర్లు చెప్పడానికి సులువుగా ఉంటుంది. వేగం, భీముడి అతిబలం మాత్రం ఈ వయసుకు కొంచెం ఎక్కువ. మూడేళ్లకు దగ్గరగా, రోజుకు ఒక్క ఎపిసోడ్, పక్కన పెద్దవారితో అయితే నాకు అభ్యంతరం లేదు.

తెలుగులో డబ్బింగ్ అయి టీవీ చానళ్లలో వచ్చే కార్టూన్లలో ఎక్కువ భాగం పెద్ద పిల్లలవి. పైగా మధ్యలో ప్రకటనలు. రెండేళ్ల పిల్లకు కథకూ ప్రకటనకూ తేడా తెలియదు, ఆ ప్రకటనలే అన్నిటికన్నా వేగంగా, గట్టిగా ఉంటాయి. ప్రకటనలు వచ్చేది ఏదైనా నేను పక్కన పెట్టేస్తాను.

తెలుగు రైమ్స్ సంగతి. వాటిని పూర్తిగా తీసేయమనను. రైమ్స్ వీడియో పెద్దలు పాట నేర్చుకోవడానికి. ఒక పాట ఎంచుకుని పాపతో కలిసి రెండుసార్లు చూడండి, టీవీ ఆపండి, తర్వాత చేతులు ఊపుతూ మీరు పాడండి. చివరి మాట దగ్గర ఆగండి. పాప ఆ మాట అందుకుంటే ఆ వీడియో పని పూర్తయినట్టే. అరవై నిమిషాల సంకలనంలో ఒక పాట ముగిసీ ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది. పాప అందుకోవడానికి ఖాళీ ఎక్కడ?

ఇంగ్లీషు వస్తుందన్న ఆశ గురించి

ఇక్కడ మీకు కొంచెం గట్టిగా చెప్పాలి. పాప రంగులు, అక్షరాలు చెబుతోందని సంతోషపడ్డారు, అది సహజం. కానీ నా దృష్టిలో మీ ఉత్తరంలో అతి ముఖ్యమైన విషయం అది కాదు, కావలసినది అడగకుండా చెయ్యి పట్టి లాక్కెళ్లడం. అప్పజెప్పడం వేరు, మాట్లాడడం వేరు. ఈ రెంటి మధ్య దూరం ఉన్న పిల్లలను నేను తరచూ చూస్తాను. ఒక బాబు గ్రహాల పేర్లన్నీ వరసగా చెప్పేవాడు, వందవరకు ఇంగ్లీషు అంకెలు వచ్చు. దాహం వేస్తే మాత్రం ఫ్రిజ్ దగ్గర నిలబడి ఏడ్చేవాడు. "నీళ్లు" అన్న మాట అతనికి లేదు. ఎందుకంటే గ్రహాల పేర్లు చెబితే ఇంట్లో చప్పట్లు కొట్టేవారు, నీళ్లు మాత్రం అడగకుండానే ఇచ్చేసేవారు.

2003లో ప్యాట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా వారి మాండరిన్ భాషను వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడుతూ పన్నెండు సార్లు వినిపిస్తే ఆ భాష ధ్వనులను పిల్లలు పట్టుకున్నారు. అదే మనుషులు, అవే మాటలు వీడియోలో చూపిస్తే ఏమీ పట్టలేదు. 2010లో డెలోచ్ బృందం పసిపిల్లలకు మాటలు నేర్పుతుందని బాగా అమ్ముడైన ఒక డీవీడీని నెల రోజులు చూపించి పరీక్షించింది. అసలు చూడని పిల్లలకన్నా వారికి ఎక్కువ మాటలేమీ రాలేదు. వీడియో లేకుండా ఆ మాటలను తల్లిదండ్రులే రోజువారీ పనుల్లో వాడిన పిల్లలు అందరికన్నా ముందున్నారు. ఆ డీవీడీ బాగా నచ్చిన తల్లిదండ్రులు మాత్రం తమ పిల్లలు చాలా నేర్చుకున్నారని నమ్మారు.

ఇంట్లో మాట్లాడేది తెలుగు అయితే పాపకు మొదట తెలుగే గట్టిపడనివ్వండి. ఇంగ్లీషు బడిలో వస్తుంది, మీరు కంగారు పడాల్సిన పని లేదు. టీవీలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు, ఈ రెంటి మధ్య పాపతో ఎవరూ మాట్లాడని గంటలు, నాకు భయం వేసేది ఆ మూడోదాని గురించే. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలు కూడా ఇదే అడుగుతుంటారు. వారికి చెప్పేది కూడా ఇదే: బయట ఎలాగూ ఇంగ్లీషే, తెర ముందు దొరికే ఆ అరగంటలో పక్కన కూర్చున్నవారి మాటైనా తెలుగులో ఉండనివ్వండి.

మీరు అడగని కార్యక్రమం

చాలా ఇళ్లలో పసిపిల్లలు ఎక్కువసేపు ఉండేది కార్టూన్ల ముందు కాదు, పెద్దల సీరియళ్లు, వార్తలు నడుస్తున్న గదిలో. "పాప చూడదండీ, ఆడుకుంటూ ఉంటుంది" అంటారు. పాప చూడకపోయినా దాని ప్రభావం ఉంటుంది. 2009లో క్రిస్టాకిస్ బృందం పిల్లల చొక్కాకు చిన్న రికార్డర్ పెట్టి లెక్కించింది. టీవీ శబ్దం వినిపించిన ఒక్కో గంటకు, పిల్లల చెవిన పడే పెద్దల మాటలు సగటున 770 తగ్గాయి. టీవీ మోగుతుంటే మనం మాట్లాడడం మానేస్తాం, మనకే తెలియదు. 2008లో వచ్చిన ఇంకొక అధ్యయనంలో, పెద్దల కార్యక్రమం ఒక పక్క నడుస్తుంటే మూడేళ్లలోపు పిల్లలు ఒక బొమ్మతో ఎక్కువసేపు ఆడలేకపోయారు, తల తిప్పి తెరను చూసింది తక్కువే అయినా. మన సీరియళ్లలో ముఖాల మీద ఢామ్మని వచ్చే శబ్దాలు, అరుపులు, వార్తల చానళ్లలో నేరాల పునర్నిర్మాణాలు పసివారి మనసులో ఏమి చేస్తాయో వేరే చెప్పాలా?

మీ అత్తగారిని సీరియల్ మానమని చెప్పకండి. రోజంతా పసిబిడ్డ వెంట పరుగెత్తే మనిషికి ఆ కాస్త కాలక్షేపం కావాలి, అది ఆవిడ హక్కు. పాప మధ్యాహ్నం పడుకునే సమయంలో చూసుకునే ఏర్పాటు చేయండి. చాలా సీరియళ్లు పగలు పునఃప్రసారం అవుతాయి, చానళ్ల యాప్‌లలో ఎప్పుడైనా చూడవచ్చు. ఫోనులో ఎలా పెట్టాలో ఓపికగా చూపించి, చెవికి ఇయర్‌ఫోన్లు కొనివ్వండి. ఈ మాట కోడలి నోటి నుంచి కన్నా కొడుకు నోటి నుంచి వస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. మీ వారితో చెప్పించండి. "నువ్వు కథ చెబితే పాపకు మాటలొస్తున్నాయమ్మా" అని మొదలుపెడితే ఇంకా మంచిది, అది నిజం కూడా.

ఎలా చూపించాలి, ఎలా ఆపాలి

సమయాన్ని గడియారంతో కాకుండా పనితో ముడిపెట్టండి. సాయంత్రం పాలు తాగాక రెండు ఎపిసోడ్లు, ఆపైన బయటికి. ఎప్పుడు వస్తుందో తెలిస్తే పిల్లలు రోజంతా అడగరు. చూస్తున్నంతసేపూ వ్యాఖ్యానం చేయనక్కర్లేదు, ఎపిసోడ్‌కు నాలుగైదు మాటలు చాలు. "ఇది ఏమిటి? అది ఏ రంగు?" అని పరీక్ష పెట్టకండి, పిల్లలు మూసుకుపోతారు. పాప ఏది చూస్తోందో దాని గురించి చిన్న వాక్యం చెప్పి, మనసులో అయిదు లెక్కపెట్టండి. పాప వేలు చూపినా, శబ్దం చేసినా, అది జవాబే. "అవును, జారిపోయాడు" అని దాన్ని మాటగా మార్చి తిరిగివ్వండి. టీవీ ఆపాక అదే కథను ఆడండి. పింగు జారాడు కదా, మనమూ దుప్పటి మీద జారుదాం. మాట గట్టిపడేది అక్కడే.

ఆపితే ఏడుపు గురించి. సగం ఏడుపు తదుపరి వీడియో దానంతటదే మొదలవడం వల్ల వస్తుంది. కార్యక్రమానికి ముగింపే లేకపోతే పిల్ల ఎలా ముగిస్తుంది? యూట్యూబ్‌లో, ఓటీటీ యాప్‌లలో ఆటోప్లే ఆపేయండి. యూట్యూబ్ కిడ్స్‌లో పాప ప్రొఫైల్‌కు మీరు ఎంచిన వీడియోలు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు, వెతికే సౌకర్యాన్ని తీసేయవచ్చు, సమయం ముగియగానే ఆగిపోయే టైమర్ కూడా ఉంది. ఒక ఆదివారం కూర్చుని పదీ పదిహేను ఎపిసోడ్లు ఎంచి పెట్టండి, కొన్ని నెలలకు సరిపోతాయి. ముగిసేముందు "ఇది అయిపోయాక బయటికి" అని చెప్పండి, రిమోట్‌లో ఎర్ర మీట పాప చేతనే నొక్కించండి. మొదటి వారం ఏడుస్తుంది. ఏడవనివ్వండి, పక్కనే ఉండండి, ఏడుపు ఆపడానికి ఫోను మాత్రం ఇవ్వకండి. ఇచ్చారంటే ఎంతసేపు ఏడిస్తే వస్తుందో పాపకు నేర్పినట్టే.

అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఏదీ వద్దు. తెర చూస్తూ మింగే పిల్లకు కడుపు నిండిన సంగతి తెలియదు, రుచి తెలియదు. అన్నింటికీ మించి, రోజుకు మూడుసార్లు దొరికే మాటల సమయం పోతుంది. రెండు ముద్దలు తక్కువ తిన్నా ఫరవాలేదు.

వీడియో కాల్‌ను నేను టీవీతో కలపను. ఊళ్లో ఉన్న మీ అమ్మగారు రోజూ పది నిమిషాలు ఫోనులో కనిపించి, పాప బొమ్మను చూపిస్తే "ఎవరిది తల్లీ ఆ బొమ్మ?" అని అడిగితే, అటు నుంచి జవాబు వస్తోంది కాబట్టి పిల్లలు దాని నుంచి నేర్చుకోగలరు. ఈ జాబితాలోని ఏ కార్యక్రమం కన్నా దానికే నా ఓటు.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త

మాటలు ఆలస్యమైతే "టీవీ వల్లే, ఆపేస్తే వచ్చేస్తాయి" అని ఇప్పుడు అందరూ అంటున్నారు. అది ప్రమాదకరమైన తొందర. నా దగ్గరకు వచ్చిన ఒక పాప విషయంలో ఇంటిల్లిపాదీ టీవీ ఆపి నెలల తరబడి ఎదురుచూశారు. చివరికి వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులా లోపం ఉందని తెలిసింది. టీవీ ఆపడం మంచిదే, కానీ ఆ నెలలు ఆ పాపకు తిరిగి రావు. అలాగే సామాజిక మాధ్యమాల్లో తిరిగే "వర్చువల్ ఆటిజం" అన్నది వైద్యులు గుర్తించిన రోగనిర్ధారణ కాదు. టీవీ చూపించారు కాబట్టే ఆటిజం వచ్చిందని ఏ తల్లినీ నిందించకండి, మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

రెండేళ్లు నిండిన పిల్ల "అమ్మ రా", "పాలు ఇవ్వు" వంటి రెండు మాటలను సొంతంగా కలపాలి. వల్లించినవి ఈ లెక్కలోకి రావు. పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, నచ్చింది మీకు చూపించడానికి వేలు చూపాలి. ఇవి లేకపోతే, లేదా వచ్చిన మాటలు పోతుంటే, టీవీ మార్పుతో పాటే పిల్లల వైద్యుణ్ణి కలిసి వినికిడి పరీక్ష చేయించండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే, చాలా జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధంగా డీఈఐసీ అనే కేంద్రాలు ఉన్నాయి. ఎదుగుదలలో ఆలస్యం ఉన్న పిల్లలను అక్కడ ఉచితంగా పరీక్షిస్తారు.

మీ పాప విషయంలో నేను అలా ఎదురుచూడమని చెప్పను. ఈ నెలలోనే వినికిడి పరీక్ష చేయించండి. పాప సొంతంగా, అవసరానికి వాడే మాటలు ఏవేవో ఒక వారం పాటు కాగితం మీద రాసుకోండి, అంకెలు, రంగులు, అక్షరాలు వదిలేసి. పిలిస్తే తిరుగుతుందా, వేలు చూపుతుందా అన్నది కూడా చేర్చి ఇక్కడే రాస్తే, తర్వాత ఏమి చేయాలో వివరంగా చెబుతాను.